జిల్లా డెస్కుకు లెక్క చూసే మనిషి కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. జర్నలిజం వదిలి డేటా ఎనలిటిక్స్‌లోకి వెళ్తున్నవాళ్ల గురించి మొన్న మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. మూడు నెలల కోర్సు చేస్తే చాలు, జీవితం మారిపోతుందన్నట్టు రాశారు. ఆ దారిలో నడిచినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పద్నాలుగేళ్లు జిల్లా డెస్కులో, అంటే జిల్లా పేజీల వార్తలు దిద్దే చోట, సబ్ ఎడిటర్‌గా చేశాను. 2020 లాక్‌డౌన్‌లో పేజీలు తగ్గించారు, రెండు మూడు జిల్లాల డెస్కులు కలిపేశారు, ఒకరోజు ఫోన్ చేసి రేపట్నుంచి రావద్దన్నారు. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లన్నీ అప్పుడు మూసి ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనే చేరాను. ముందు ఎక్సెల్‌లో పెద్ద పట్టికను కుదించి మొత్తాలు చూపే పివోట్ టేబుల్, తర్వాత డేటాబేస్ నుంచి కావాల్సిన లెక్కలు తీసే ఎస్‌క్యూఎల్, ఆ తర్వాత అంకెల్ని తెర మీద బొమ్మలుగా, డాష్‌బోర్డులుగా చూపే పవర్ బీఐ. నాకు మూడు నెలలు కాదు, పదకొండు నెలలు పట్టింది. ఇంట్లో టెన్షన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో, మందుల షాపులు నడిపే ఒక కంపెనీలో ఎనలిస్టుగా ఉన్నాను.

చేరిన రెండో నెలలో జరిగింది చెప్తాను. ఒక ఊళ్లోని మా షాపులో ఇన్సులిన్ అమ్మకాలు వరసగా పదకొండు రోజులు సున్నా. డాష్‌బోర్డులో ఆ వరస మొత్తం ఎర్రగా కనిపిస్తోంది. అక్కడ గిరాకీ లేదు, స్టాక్ తగ్గించేద్దామని మీటింగులో దాదాపు తేల్చేశారు. నాకు మనసొప్పలేదు, అంతకుముందు నెలల్లో అదే షాపు రోజుకు ఆరో ఏడో అమ్మింది, షుగరు పేషెంట్లు ఊరంతా కలిసి ఒకేసారి ఇన్సులిన్ మానేస్తారా? షాపుకు ఫోన్ చేశాను. కౌంటర్లో కుర్రాడు ఎత్తాడు. "ఫ్రిజ్ చెడిపోయింది సార్, ఉన్నదంతా వెనక్కి పంపేశాం. వచ్చినోళ్లని బస్టాండు పక్క షాపుకి పొమ్మంటున్నాం" అన్నాడు. అంతే. ఆ సున్నాకి అర్థం గిరాకీ లేదని కాదు, ఫ్రిజ్ లేదని.

ఆ ఫోన్ చేయాలన్న బుద్ధి నాకు ఏ కోర్సూ నేర్పలేదు. ప్రమాదంలో చనిపోయింది అయిదుగురా ఆరుగురా తేలక, ఎడిషన్ వదలడానికి ఇరవై నిమిషాలుందనగా, కంట్రిబ్యూటర్‌ని, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరిని, మళ్లీ ఆస్పత్రి మార్చురీ దగ్గరికి పంపించిన రాత్రుల నుంచి వచ్చిన అలవాటది. ఈ అంకె ఎవరిచ్చారు, ఎలా లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అని అడగడం. మీ దగ్గర ఈ ప్రశ్నలు అడగగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను కాపాడుకోండి, వాళ్ల చేతికి ఒక స్ప్రెడ్‌షీట్ ఇవ్వండి అన్నదే నా విన్నపం.

ఎందుకు అవసరమో నా తప్పుతోనే చెప్తాను. 2017లో నేను ఒక శీర్షిక పెట్టాను: నల్లగొండలో సగానికి పడిపోయిన పత్తి సాగు. అధికారుల దగ్గర్నుంచి వచ్చిన ఆ ఏడాది కాగితాన్ని, ఫైల్లో ఉన్న నిరుటి కాగితం పక్కన పెట్టి రాసేశాం. పొద్దున్నే ఒక రైతు ఫోన్ చేసి, "సూర్యాపేట, యాదాద్రి ఏడికి పోయినయ్ సార్?" అని అడిగాడు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి, పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, మేం పోల్చింది పాత జిల్లాను కొత్త జిల్లాతో. పత్తి ఎక్కడికీ పోలేదు, సరిహద్దు మారింది. తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. జనాభా చూద్దామంటే ఇప్పటికీ 2011 జనగణనే దిక్కు. పాత జిల్లాతో కొత్త జిల్లాను పోల్చాలంటే మండలాల వారీగా కూడుకుంటూ రావాలి, అది ఓపికతో చేసే పని, ఒక మధ్యాహ్నంలో అయ్యే పని కూడా. అయినా ఇలాంటి శీర్షికలు ఇవాళ్టికీ జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

అలా మండలాల లెక్కలు కూడేటప్పుడు కూడా డెస్కు మనిషే కావాలి. ఇంగ్లీషులో ఒకే ఊరు మూడు స్పెల్లింగులతో ఉంటుంది, కంప్యూటరు మూడు ఊళ్లనుకుంటుంది. కొత్తపల్లి అనే పేరుతో రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఊళ్లున్నాయో, ఏది ఏ మండలంలోదో జిల్లా డెస్కులో చేసినవాడికి తెలిసినట్టు మా ఆఫీసులో ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు తెలియదు. వాళ్లు నాకంటే వేగంగా కోడ్ రాస్తారు, అయినా ఊళ్ల పేర్లొస్తే "అన్నా, ఒకసారి చూడు" అని నా దగ్గరికే వస్తారు.

2021లో కరోనా రెండో వేవ్ గుర్తుందా? ప్రభుత్వాలు చెప్పిన మరణాలు ఒకటి, జనన మరణాల రిజిస్టర్లలో పెరిగినవి ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల రిజిస్టర్ల లెక్కలు సంపాదించి ఆ తేడాను జనం ముందు పెట్టింది విలేకరులే. నెలనెలా నమోదైన మరణాలు, అంతకుముందు ఏళ్లలో అదే నెల సగటు, రెంటికీ తేడా. లెక్క వరకు ఎక్సెల్‌లో అయిపోయే పని. ఆ కాగితాలు సంపాదించడమే కష్టం, అది విలేకరికి చేతనైన విద్య.

మరి మన జిల్లా పేజీల్లో ఇలాంటి పని ఎందుకు జరగడం లేదంటే, లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్తకు లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికే కంట్రిబ్యూటరు వారం రోజులు ఆర్టీఐ కాగితాల ముందు కూర్చుంటే ఆ వారం అతనికి చేతికొచ్చేదేమీ ఉండదు. ఆ వారానికి డబ్బు కట్టివ్వండి. ఇంకోటి, చాలా పత్రికల పాత వార్తలు డీటీపీలో వాడిన పాత అను ఫాంట్లలోనే ఉండిపోయాయి. ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చనంతవరకు వాటిలో ఒక చెరువు పేరు కొట్టి వెతకడం కుదరదు. ఏళ్ల తరబడి కంట్రిబ్యూటర్లు ఎండలో తిరిగి పంపించిన ఊరూరి సమాచారమది, మీ దగ్గర కూడా అలాగే ఉంటే ముందు దాన్ని మార్పించండి.

నాకు ఆదివారం సెలవు. మీ జిల్లా కంట్రిబ్యూటర్లను ఒకచోట కూర్చోబెడితే వచ్చి ఎక్సెల్, పివోట్ టేబుల్ వరకు నేర్పిస్తాను, ఫీజు అక్కర్లేదు. నల్లగొండ అయితే పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి చేరుకోగలను. ఒక్కొక్కరినీ వాళ్ల మండలం లెక్కల కాగితం ఏదో ఒకటి తెచ్చుకోమనండి, దానితోనే మొదలుపెడదాం.

ఇట్లు,
ఒక మాజీ సబ్ ఎడిటర్,
హైదరాబాద్