శాలువా వద్దు సార్, హాలు ఇప్పించండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం సార్. మా ఊరి మున్సిపల్ హాలు నాటకాలకి ఇప్పించమని మీ పేషీకి ఇప్పటికి అయిదు అర్జీలు ఇచ్చా, రెండు రిజిస్టర్ పోస్టులో, మూడు స్వయంగా బస్సెక్కి వచ్చి. ఒక్కదానికీ జవాబు లేదు. సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చా, దానికి మాత్రం పదకొండో రోజున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో చూద్దామని హాలు దగ్గరికెళ్తే గేటుకి అదే తాళం. అందుకే ఇక నలుగురూ చూసేట్టు రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

నేనెవరో మీకు తెలుసు, చిన్న నాటక సమాజం నడిపేవాణ్ని. మొన్న ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు మీ చేత్తోనే నాకు శాలువా కప్పారు, మీలాంటోళ్ల వల్లే నాటకం బతుకుతోందని మైకులో అన్నారు కూడా. స్టేజి దిగేలోపు అర్జీ కాగితం మీ చేతిలో పెట్టా. మీరు పీఏ గారికిచ్చారు, ఆయన నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ చొక్కా ఈపాటికి ఎన్నిసార్లు ఉతుక్కి వెళ్లిందో మరి.

మా ఊరి మున్సిపల్ కళాక్షేత్రం సంగతి మీకు కొత్తగా చెప్పేదేం లేదు, రిబ్బన్ కట్ చేసింది మీరే. రిపేర్లని మూడేళ్లు మూసేశారు, సరే ఓర్చుకున్నాం. తెరిచాక చూస్తే ఏసీ పెట్టారు, కుర్చీలు మార్చారు, స్టేజి మీద టైల్స్ వేశారు. టైల్స్ సార్! చెక్క పీకేసి టైల్స్! చచ్చిపోయే పాత్ర వేసేవాడు దాని మీద పడితే మోచిప్ప పగిలి నిజంగానే చచ్చేట్టున్నాడు, లైటు పడితే అద్దంలా మెరిసి ఆర్టిస్టు మొహం కంటే నేలే బాగా కనపడుతోంది. రిసెప్షన్లకి బాగుంటుందని వేశారట. అద్దె అంతకుముందు నాలుగు వేలు, ఇప్పుడు 18 వేలు, జనరేటర్ డీజిల్ మనదే, ఊడ్చినందుకు వేరే, డిపాజిట్ అయిదు వేలు. పెళ్లివాళ్లకీ అదే రేటు, మాకూ అదే రేటు, సమానత్వం అంటే ఇదేనేమో. మేం టికెట్ పెట్టం సార్, పెడితే ఎవరొస్తారు. నాటక పరిషత్తు పోటీలకెళ్తే వాళ్లిచ్చేది వ్యాన్ కిరాయికీ మేకప్‌కీ అయిపోతుంది, ఆర్టిస్టులకి నా జేబులోంచే.

మీకు తెలియని ముచ్చట ఒకటి చెప్తా. ఇరవై రెండేళ్లలో నేను రాసి డైరెక్ట్ చేసిన నాటికలు చదివితే ఒకటి గమనిస్తారు, నా కథల్లో తల్లి ఎప్పుడో పోయి ఉంటుంది. ఫోటోకి దండేసి ఉంటుంది. ఓ పరిషత్తులో జడ్జి గారు దీన్ని పట్టుకుని మాతృవియోగం మీ రచనల్లో అంతర్లీనంగా ఉంది అని తెగ మెచ్చుకున్నారు. వియోగమూ లేదు పాడూ లేదు, మా అమ్మ ఇంట్లో పప్పు రుబ్బుతోంది. స్త్రీ పాత్ర ఒకటి పెరిగితే ఒక పారితోషికం పెరుగుతుంది, మాకు దొరికే ఆడ ఆర్టిస్టులు నలుగురైదుగురు, వాళ్లే పది నాటక సమాజాలకి తిరుగుతూ డేట్లు సర్దుకోవాలి, అందుకని తల్లిని ముందే చంపేసి అప్పుడు కథ మొదలుపెడతా. కూతురు కూడా మూడో సీనులో కాపురానికి వెళ్లిపోతుంది. నా రచన అంతా ఇట్లా డబ్బులు లెక్కపెట్టుకుంటూ రాసిందే సార్.

రిహార్సల్స్‌కి చోటు లేక మిర్చి గోడౌన్‌లో చేశాం నాలుగు నెలలు, పుణ్యాత్ముడు ఊరికే ఇచ్చాడు. అక్కడ ఏడుపు సీన్లు బ్రహ్మాండంగా వచ్చేవి, నవ్వే సీనులో కూడా అందరూ దగ్గుతూ ఏడ్చేవాళ్లు. సీజన్ రాగానే సరుకొచ్చింది, మమ్మల్ని బయటికి పంపాడు, అతని తప్పేముంది.

అసలు గొడవ పోయిన ఫిబ్రవరిది. అప్పు చేసి 18 వేలూ డిపాజిట్టూ కట్టి ఆదివారం షోకి బుక్ చేశా. శనివారం సాయంత్రం సెట్టు వ్యాన్‌లోంచి దించుతుంటే వాచ్‌మన్ వచ్చి, సార్ రేపు పైవాళ్ల మీటింగట, మీది క్యాన్సిల్ అన్నాడు. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. జనాన్ని పిలిచేశాం, ఏం చేయను. ఎదురుగా ఉన్న స్కూల్ వరండాలో రెండు ట్యూబులైట్ల కింద వేశాం. రెండో సీనులో కరెంట్ పోయింది. ముందు వరసలో కూర్చున్న ఓ ముసలాయన లేచి ఫోన్ టార్చి వేసి ఆర్టిస్టు మొహం మీద పట్టుకుని, చేయి మార్చుకుంటూ చివరిదాకా నిలబడ్డాడు. ఎవరు డైలాగు చెప్తే అటు తిప్పేవాడు, ఒక్కసారి కూడా తప్పలేదు. నేను పక్కన నిలబడి చూస్తున్నా, ఏడుపొచ్చింది, మిర్చి లేకుండానే.

అద్దె వెనక్కిచ్చారు, ఆర్నెల్లు తిప్పి. డిపాజిట్ ఇంకా రాలేదు.

మీరు ప్రతి ఏడాదీ దండ వేసే కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజమండ్రిలో శిష్యుల్ని పోగేసి నాటకం వేయించారు, సరే, అది మీ స్పీచ్‌లో ఉంటుంది. 1890లో అదే ఊళ్లో ఆయన టౌన్ హాలు కట్టించారు, అది మాత్రం స్పీచ్‌లో ఎప్పుడూ వినలేదు. పక్కన కర్ణాటకలో హెగ్గోడు అని పల్లెటూరుంది, అక్కడ నీనాసం అనే నాటక సంస్థ 1949లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మైసూరులో రంగాయణ అనే నాటక సంస్థ 1989 నుంచి సర్కారు ఖర్చుతోనే నడుస్తోంది, ఆర్టిస్టులకి నెల జీతం. అంత అడిగే ధైర్యం నాకు లేదు. జీతాలు వద్దు, గ్రాంటు వద్దు (ఆ గ్రాంటు అప్లికేషన్ పురాణం ఇంకో లేఖ అవుతుంది).

నెలకి రెండు రోజులు ఆ హాలు నాటకాలకని రాసి పెట్టించండి, పాత అద్దెకి. పగలు ఖాళీగా ఉన్నప్పుడు రిహార్సల్స్ చేసుకోనివ్వండి, ఏసీ వేయక్కర్లేదు, ఫ్యాన్ కూడా అక్కర్లేదు. స్టేజి మీద చెక్క వేయించండి, లేదంటే మీ వాళ్లు పీకేసిన పాత చెక్క వెనకాల షెడ్డులో తడుస్తోంది, తాళం ఇస్తే మేమే వేసుకుంటాం. దయచేసి సార్. నాకు యాభై ఆరొచ్చాయి, మా కుర్రాళ్లలో ఇద్దరు హైదరాబాద్ వెళ్లి సీరియల్స్‌లో చేరిపోయారు, మిగతావాళ్లు కూడా వెళ్తే ఆపడానికి నా దగ్గర మాటలే ఉన్నాయి, అవి కూడా నేనే రాసుకోవాలి.

వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ పిలుస్తారని తెలుసు. వస్తాను. కొత్త నాటికలో జమీందారు పాత్రకి మీరు కప్పిన శాలువానే వాడుతున్నాం, బాగా సరిపోయింది. ఇంకోటి మాత్రం వద్దు.

ఇట్లు,
మీరు సన్మానించిన ఓ చిన్న నాటక సమాజం నిర్వాహకుడు

తా.క.: డిపాజిట్ రసీదు జిరాక్స్ ఆరోసారి జతచేస్తున్నా. ఒరిజినల్ అడగొద్దు, అది ఒకటో అర్జీతో పాటు మీ పేషీలోనే ఉంది.