జబ్బు ఆమెది, చెప్పేది కొడుక్కా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఆస్పత్రుల వార్తలంటే బిల్లులు, బెడ్లు, అంబులెన్సులు ఇవే ఎక్కువ వస్తుంటాయి. అవి రాయాల్సిందే, కాదనను. కానీ నేను నెల్లూరు పొగతోటలో మెడికల్ షాపు నడుపుతా, రోజూ కౌంటర్ దగ్గర నిలబడి చూసే ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ రాయట్లేదని ఈ లెటర్ రాస్తున్నా. జబ్బు వచ్చిన మనిషికి తన జబ్బేందో చెప్పరు, ఏం చేయమంటావని అడగరు, వైద్యం మాత్రం జరిగిపోతా ఉంటది.

పొగతోట అంటే తెలుసు కదా, ఏ సందులోకి పోయినా ఆస్పత్రులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు. ఆత్మకూరు, ఉదయగిరి, కావలి, అటు కందుకూరు నుంచి కూడా తెల్లారి బస్సెక్కి వస్తారు. కాన్సర్ మందుల చీటీ తెచ్చే కొడుకులు కొంతమంది రేటు కంటే ముందు అడిగేది ఇదీ: "అన్నా, షీట్ల మీద పేరు కనపడకూడదు, మాత్రలు చింపి ఉత్త కవర్లో పోసి ఇయ్యి, అమ్మ చదువుద్ది." అమ్మకి చదువు రావడమే వాళ్ళకి వచ్చిన కష్టం! అట్లా ఇవ్వడం కుదరదు, షీటు మీద పేరు, ఎక్స్‌పైరీ, బ్యాచ్ నెంబరు ఉండాలి అంటే నన్ను చాదస్తుడి కింద చూస్తారు.

దాచిపెడితే ఏమవుద్దో చెప్తా. కేపెసిటబిన్ అని కొన్ని కాన్సర్లకి ఇచ్చే మాత్ర ఉంది, మామూలుగా 14 రోజులు రెండు పూటలా అన్నం తిన్నాక వేసుకుని తర్వాత 7 రోజులు ఆపమంటారు. అరచేతులు అరికాళ్ళు ఎర్రబడి తోలు ఊడినా, విరేచనాలు ఎక్కువైనా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, అప్పుడు డోసు తగ్గించడమో ఆపడమో చేస్తారు. ఒకామెకి ఇంట్లో ఇవి బలం మాత్రలని చెప్పారంట. రెండు కోర్సులకి సరిపడా ఒకేసారి తెచ్చి పెట్టారు, బలానికే కదా ఆపడమెందుకు అని ఆమె ఆ ఖాళీ వారం కూడా వేసుకుంది, చేతులు తోలు ఊడతా ఉంటే అంట్లు తోమే సబ్బు పడలేదేమో అనుకుని కొబ్బరినూనె రాసుకుంది. కూతురు ఏదన్నా ఆయింట్‌మెంట్ ఇవ్వమని వచ్చి ఫోన్లో ఫోటో చూపిస్తే, ఆయింట్‌మెంట్ వద్దమ్మా ముందు డాక్టర్ దగ్గరికి పోండి అని పంపించా. ఆ మాత్ర ఏందో ఆమెకి తెలిసుంటే మొదటి రోజే చెప్పేది కదా.

ఓపీలోనూ ఇదే తంతు. రిపోర్టు రాగానే "పేషెంట్ తాలూకు ఎవరు?" అని కేకేస్తారు, "అమ్మా నువ్వు కాసేపు బయట కూర్చో" అంటారు, చెప్పేదంతా కొడుక్కో అల్లుడికో చెప్తారు. కొడుకు బయటికొచ్చి "ఏం లేదంటమ్మా, గడ్డ అంట, తీసేస్తే సరిపోద్దంట" అంటాడు. ఆమె నమ్మిందని కొడుకు, తనకి తెలిసిపోయిందని వాడు కనిపెట్టలేదులే అని ఆమె, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటా నాటకం ఆడుకోవాలి. పొలం ఎవరికి రాయాలి, చిన్నదాని పెళ్ళి తొందరగా చేయాలా, ఇవన్నీ ఆమె తేల్చాల్సినవి, ఆ అవకాశమే పోయింది.

ఇంట్లోవాళ్ళు చెడ్డోళ్ళని నేననట్లేదు, "అమ్మ తట్టుకోలేదన్నా" అని ఏడ్చినవాళ్ళని చూశా. డాక్టర్లకీ వాళ్ళ బాధలున్నాయి, బిల్లు కట్టేది కొడుకు, తేడా వస్తే పదిమందిని ఏసుకుని గొడవకి వచ్చేదీ ఆ కొడుకే, పేషెంట్ కాదు కదా. అట్లని "నాకేం చెప్పొద్దు నాయనా, పెద్దోడితో మాట్లాడండి" అనే పెద్దాయనలు లేరా అంటే ఉన్నారు, అదీ ఆయన తీసుకున్న నిర్ణయమే, ఆయన ఇష్టం. కానీ అడిగితేనే కదా తెలిసేది? "రిపోర్టు సంగతి మీకే చెప్పమంటారా, మీవాళ్ళకి చెప్పమంటారా" అని డాక్టర్ అడగడానికి అర నిమిషం పట్టదు.

చట్టం కూడా ఇదే చెప్తా ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆమె ఒప్పుకుంది లాప్రోస్కోపీ, అంటే కడుపులోకి చిన్న కెమెరా పెట్టి చూసే పరీక్షకి, మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి తీసేశారు. ఆమె మేజరు, తెలివి వచ్చాక ఆమెనే అడగొచ్చు, ప్రాణం మీదికి వచ్చిన ఎమర్జెన్సీ కూడా కాదు, కాబట్టి తల్లి సంతకం చెల్లదు అని కోర్టు తేల్చింది, ఫీజు వసూలు చేయకూడదంది, 25,000 పరిహారం ఇవ్వమంది. మన దగ్గర ఊళ్ళలో "సంచి తీసేయించుకున్నా" అనేవాళ్ళు ఎంతమందో లెక్కేసుకోండి, గర్భసంచి ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్ర ఒకటి. వాళ్ళల్లో ఎంతమందికి మందులతో చూద్దామా, ఇంకో డాక్టర్‌ని అడుగుతావా అని చెప్పుంటారు? అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలకి ఆదేశాలిచ్చింది కూడా.

ఆపరేషన్ ముందు రాత్రి సంతకాలు పెట్టించే ఫారం చూడండి ఒకసారి. అంతా ఇంగ్లీషు, పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని సిస్టర్ వేలు పెట్టి చూపిస్తది, పాపం ఆమెకి ఇంకో నలుగురు పేషెంట్లు ఉంటారు. బర్రెని కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, ఎన్నో ఈత అని అడుగుతాం, రెండు పూటలా పాలు పిండి చూస్తాం, సొంత ఒళ్ళు కోయించుకునేటప్పుడు మాత్రం చదవకుండా సంతకం.

అన్నిటికంటే చిక్కు వెంటిలేటర్ దగ్గర వస్తది. పెద్దాయన ఐసీయూలో ఉంటాడు, పక్కన ఉండి చూసుకున్న భార్య ఇంక చాలు ఇంటికి తీసుకుపోదాం అంటది, హైదరాబాదులో ఉన్న కొడుకు ఎంతైనా పెట్టండి అని ఫోన్లో అంటాడు, ఊళ్ళో జనం ఏమంటారోనని తమ్ముళ్ళు నోరెత్తరు. ఎవరి ప్రేమా తక్కువ కాదు, ఆయనకి ఏం కావాలో మాత్రం ఎవరికీ తెలీదు. దీనికే 2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్ రాసుకోవచ్చని చెప్పింది, బాగయ్యే ఆశ లేనప్పుడు మిషన్ల మీద ప్రాణం లాగొద్దని ముందే రాసిపెట్టుకోవడం అన్నమాట. అప్పుడు మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, దానికోసం ఎవడు తిరుగుతాడు? 2023లో దాన్ని సులువు చేశారు, ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ఉంటే చాలు. కాగితం ఉందని డాక్టర్ ఇష్టమొచ్చినట్టు ఆపేయడానికి లేదు, రెండు మెడికల్ బోర్డులు చూసి ఒప్పుకోవాలి, కాబట్టి ఆస్తి కోసం ఎవరో ప్లగ్ పీకేస్తారనే భయం అక్కర్లేదు. ఆ కాగితం కాపీని స్థానిక సంస్థ నియమించిన అధికారి దగ్గర పెట్టొచ్చని కూడా అదే ఆర్డర్లో ఉంది. కర్ణాటక 2025లో దీన్ని అమలు చేయమని సర్క్యులర్ ఇచ్చింది. నెల్లూరు, ఒంగోలు కార్పొరేషన్లలో ఆ పని చూసేది ఎవరో పేరు, రూమ్ నెంబరు బోర్డు మీద రాసిపెడితే జనం పోయి అడుగుతారు.

జిల్లా వైద్యాధికారులు, అదే డీఎంహెచ్‌ఓ గార్లకి నా విన్నపం, నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ ప్రైవేటు, గవర్నమెంటు తేడా లేకుండా ఆపరేషన్ ఫారం తెలుగులో ఉండాలి, ఎమర్జెన్సీ కాకపోతే ఒకరోజు ముందు పేషెంట్ చేతికే ఇవ్వాలి, చదవడం రానివాళ్ళకి చదివి వినిపించాలి. దీనికి కొత్త బిల్డింగులేం అక్కర్లేదు, నాలుగు కాగితాలు, ఓపిగ్గా మాట్లాడే ఒక మనిషి చాలు.

మీరు కూడా ఒక పని చేయండి సార్, ఒక లాయర్‌ని అడిగి లివింగ్ విల్ నమూనా తెలుగులో జిల్లా పేజీలో వేయండి. జిరాక్స్ తీసి నా కౌంటర్ మీద పెడతా, కావాల్సినవాళ్ళు ఊరికే తీసుకుపోవచ్చు.

ఇట్లు,
ఒక మెడికల్ షాపాయన,
పొగతోట, నెల్లూరు.