రిపోర్టుతో పాటు దాన్ని వివరించే మనిషినీ ఇవ్వండి

ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. ఆటిజం ఉన్న పిల్లలకు జన్యు పరీక్ష రాస్తున్నారు, మంచిదే. కానీ రిపోర్టు చేతికొచ్చాక విడమరిచి చెప్పేవాళ్లు లేరు. ఇంట్లో 'ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?' అని మొదలవుతుంది. నింద ఎక్కువగా తల్లి మీదే పడుతుంది.

ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర పెద్దదని 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే పరిశోధకులు కవలలపై చేసిన అధ్యయనంతోనే తేలింది. అంతమాత్రాన ఒక్క జన్యువును పట్టుకుని ఇదే కారణమనడానికి లేదు. చాలామందిలో ఎన్నో జన్యువుల్లోని చిన్న చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి. కొద్దిమందిలో షాంక్3, సీహెచ్‌డీ8 లాంటి ఒకే జన్యువులోని మార్పు ప్రభావం బలంగా ఉంటుంది. అది తల్లిదండ్రులిద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా వచ్చి ఉండొచ్చు. 16వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపిస్తే ఒకరికి ఆటిజం ఉండొచ్చు, అదే లోపమున్న మరొకరికి లేకపోవచ్చు. టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులకు ఇదంతా కాగితం చూసి ఎలా అర్థమవుతుంది?

పరీక్షకు ముందూ తర్వాతా జన్యు సలహాదారుతో మాట్లాడించడం తప్పనిసరి చేయండి. 'ఏ మార్పూ కనబడలేదు' అంటే జన్యు కారణం లేదని కాదని రిపోర్టులోనే రాయించండి. ఫలితం వచ్చేదాకా థెరపీ ఆపొద్దని కూడా ఆదేశించండి.

ఇట్లు,
ఒక తండ్రి