థ్రస్ట్ వాషర్ తిప్పి బిగించారు: స్పిట్‌ఫైర్ ఇంజన్ పనిపై ఫిర్యాదు

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,
ఇంజన్ రీకండిషనింగ్ వర్క్‌షాప్,
అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్, చెన్నై.

విషయం: 1968 మోడల్ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 కారు ఇంజన్‌లో మీరు చేసిన క్రాంక్, థ్రస్ట్ వాషర్, ఫ్లైవీల్ పనుల్లో లోపాలు, డబ్బు వాపసు, పాత భాగాల అప్పగింత గురించి.

అయ్యా,

మీ సూపర్‌వైజర్ గారితో ఫోన్‌లో ఎన్నిసార్లు మాట్లాడినా "పాత బండి కదా సార్, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది" అన్న జవాబే వస్తోంది. ఇంజన్ విప్పాక బయటపడినదానికీ బండి వయసుకూ ఏ సంబంధమూ లేదు. ఆ మాట కాగితం మీద ఉండాలనే ఈ ఉత్తరం.

ముందుగా బాగున్న పని గురించి చెబుతాను. సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్‌లకు మీరు వేసిన గట్టి సీట్లలో వంక పెట్టడానికి లేదు. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. ఇలాంటి ఇంజన్లకు ఆ సీసమే వాల్వ్ సీట్లను కాపాడేది. అది లేకపోతే వాల్వ్ కొట్టుకుని కొట్టుకుని ఇనుములోకి దిగిపోతుంది. మీ కుర్రాడు సీటు వెడల్పు, కోణం చక్కగా చూసుకున్నాడు, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ దాదాపు సమానంగా వస్తోంది. హెడ్ పనికి ఇచ్చిన డబ్బులో ఒక్క రూపాయి కూడా వెనక్కి అడగడం లేదు.

నా గొడవ కింది భాగంతోనే. ఈ 1296 సీసీ ఇంజన్‌లో క్రాంక్‌ను, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, మోసేవి మూడే మెయిన్ బేరింగులు. క్రాంక్ ముందుకూ వెనక్కీ జరగకుండా వెనక మెయిన్ బేరింగ్‌కు అటొకటి ఇటొకటి అర్ధచంద్రాకారపు వాషర్లు ఉంటాయి, థ్రస్ట్ వాషర్లంటే ఇవే. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ ముందుకు నెట్టుకుంటుంది, ఆ తోపుడంతా వెనకవైపు వాషర్ మీదే పడుతుంది. ట్రయంఫ్ ఇంజన్లు ముట్టుకున్న వాళ్లందరికీ తెలిసిన బలహీనత ఇది. అందులోనూ చెన్నైలో. 1961 నుంచి వండలూరు దగ్గర తయారై ఈ ఊరి రోడ్లన్నీ తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ కారుది కూడా ఈ కుటుంబపు ఇంజనే. బండ్ల స్పేర్ పార్టులు అమ్మే జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఏ పాత మేస్త్రీని అడిగినా హెరాల్డ్ థ్రస్ట్ వాషర్ కథ ఒకటి చెబుతాడు. అలాంటి ఊళ్లో "ఈ ఇంజన్ మాకు కొత్త సార్" అని మీ వాళ్లు అనడం నాకు విడ్డూరంగానే తోచింది.

క్రాంక్ గ్రైండింగ్‌లో థ్రస్ట్ ముఖాన్ని (వాషర్ ఆనే చోటును) కూడా కొంచెం చెక్కాల్సి వచ్చిందనీ, కాబట్టి మామూలు మందం వాషర్లు సరిపోవనీ చెప్పింది మీరే. ఓవర్‌సైజ్ వాషర్లు ఇంగ్లండ్ నుంచి తెప్పించుకుంటానని నేనంటే, "అంత దూరం ఎందుకు, స్టీలు మీద బ్రాంజ్ పొర ఉన్న పట్టీ మా దగ్గరే ఉంది, కోసి ఇస్తాం" అన్నారు. ఒప్పుకున్నాను. వాషర్ల మందం సరిగ్గానే చేశారు కూడా. ఇంజన్ అప్పగించినప్పుడు మీ జాబ్ షీట్‌లో క్రాంక్ ఎండ్ ఫ్లోట్ (ముందుకూ వెనక్కీ జరిగే సందు) 0.15 మిల్లీమీటర్లని రాసి ఉంది. ఈ ఇంజన్‌కు 0.1 నుంచి 0.2 దాకా ఉండొచ్చు కాబట్టి కొలత బాగానే ఉందనుకున్నాను.

సంక్రాంతి దాటాక ఐడ్లింగ్‌లో క్లచ్ తొక్కితే ఇంజన్ శబ్దం మారడం మొదలైంది. బానెట్ ఎత్తి, మా అబ్బాయిని క్లచ్ తొక్కమని ముందు పుల్లీ వైపు చూశాను. తొక్కగానే పుల్లీ ముందుకు వస్తోంది, వదిలితే వెనక్కి పోతోంది. కంటికి కనిపించేంత కదలిక! కదలిక కొలిచే డయల్ గేజ్ పెడితే 1.1 మిల్లీమీటర్లు చూపించింది. ఆ రోజు నుంచి బండి స్టార్ట్ చేయలేదు.

సంప్ (ఇంజన్ అడుగున నూనె తొట్టి) విప్పి, వెనక మెయిన్ బేరింగ్ మూత తీసి, వాషర్లను బయటికి లాగింది మా మేస్త్రీ. చెన్నై దగ్గరి షోలవరం రన్‌వే మీద కారు రేసులు జరిగే కాలంలో ఫియట్లకు, హెరాల్డ్‌లకు పని చేసిన మనిషి. వెనకవైపు వాషర్‌ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఏమీ మాట్లాడకుండా నా చేతికిచ్చాడు. నూనె పోయే గాళ్లున్న బ్రాంజ్ ముఖం కొత్తగా తళతళలాడుతోంది. గాళ్లు చెక్కిన పనిముట్టు గీతలు కూడా చెరగలేదు. రెండోవైపు, అంటే వెనకున్న స్టీలు ముఖం, చారలు చారలుగా అరిగి అంచు దగ్గర వేడికి నీలం తిరిగి ఉంది. గాళ్ల ముఖం క్రాంక్ వైపు ఉండాలి. మీ అసెంబ్లీ వాళ్లు దాన్ని బ్లాక్ వైపు పెట్టి బిగించారు. క్రాంక్‌కు ఆనింది బ్రాంజ్ కాదు, ఉత్త స్టీలు. అక్కడ నూనె నిలవడానికి గాడి కూడా లేదు. స్టీలు మీద స్టీలు రాసుకుంటే ఏమవుతుందో మెషిన్ షాపు నడిపేవారికి నేను చెప్పనక్కర్లేదు.

ముందువైపు వాషర్ మాత్రం సరైన దిక్కునే ఉంది. రెండూ ఒకే తీరుగా పెట్టి ఉంటే మీ వాళ్లకు పద్ధతి తెలియదనుకునేవాణ్ని. ఒకటి ఇటు, ఒకటి అటు ఉన్నాయంటే బిగించేటప్పుడు ఎవరూ చూడలేదన్నమాట.

ఇంకొంచెం నడిపి ఉంటే ఆ వాషర్ జారి సంప్‌లో పడేది. అప్పుడు క్రాంక్ నేరుగా బ్లాక్‌నే కోసేసేది. ఈ బ్లాక్ ఇప్పుడు పాత బండ్ల సామాను అమ్మే పుదుపేటలో ఎంత వెతికినా దొరికే సరుకు కాదు. అదృష్టం కొద్దీ బ్లాక్ మిగిలింది. కానీ క్రాంక్ థ్రస్ట్ ముఖం గీతలు పడి పాడైంది, ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మడతల నిండా మెరిసే పొడి, కొత్త మెయిన్ బేరింగుల మీద గీరలు.

"సిగ్నళ్ల దగ్గర క్లచ్ తొక్కిపట్టి ఉంచుతారు కాబట్టే" అన్నారు మీ సూపర్‌వైజర్ గారు. పూందమల్లి హైరోడ్డులో సిగ్నల్ పడితే న్యూట్రల్ చేసి క్లచ్ వదిలేయడం ఈ బండి నడిపే ఎవరికైనా అలవాటు, నాకూ అంతే. ఒకవేళ ఆయన మాటే నిజమనుకున్నా, అరగాల్సింది బ్రాంజ్ ముఖం కదా? అది చెక్కుచెదరకుండా ఉంటే వెనకున్న స్టీలు ఎలా అరిగింది? ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా మీ దగ్గర్నుంచి సమాధానం లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం.

ఇక ఫ్లైవీల్, అంటే క్రాంక్ వెనక చివర బిగించే బరువైన చక్రం. బరువు తగ్గించమన్నాను, నిజమే. కానీ బరువు తీయాల్సింది బయటి అంచు నుంచి, బోల్టులుండే మధ్యభాగం జోలికి పోకూడదు. ఇది పోత ఇనుము. మీరు బోల్టు రంధ్రాల పక్కనే లోతుగా ఒక మెట్టు కోశారు. ఆ మెట్టు మూల గుండ్రంగా కూడా లేదు, గోరు పెడితే గుచ్చుకునేంత పదునుగా ఉంది. పోత ఇనుములో అలాంటి మూల నుంచే పగులు మొదలవుతుంది. ఐదారు వేల ఆర్‌పీఎమ్ మీద ఫ్లైవీల్ పగిలితే ముక్కలు వచ్చేది డ్రైవరు కాళ్ల మీదికే. దీన్ని మళ్లీ బండికి ఎక్కించే ప్రసక్తే లేదు. డైనమిక్ బ్యాలెన్సింగ్‌కు (తిప్పి చూసి బరువు అన్నివైపులా సరిచేసే పనికి) బిల్లులో విడిగా డబ్బు తీసుకున్నారు. రిపోర్టు అడిగితే "కంప్యూటర్‌లో ఉంది, పంపిస్తాం" అన్నారు, ఇంకా పంపలేదు. ఫ్లైవీల్ మీద గానీ క్రాంక్ వెబ్‌ల (పక్క పలకల) మీద గానీ బ్యాలెన్సింగ్ కోసం డ్రిల్ చేసిన గుర్తు ఒక్కటి కూడా నాకు కనిపించలేదు.

నేను అడిగేవి ఇవి. క్రాంక్ గ్రైండింగ్, థ్రస్ట్ వాషర్లు, అసెంబ్లీ లేబర్, ఫ్లైవీల్ పని, బ్యాలెన్సింగ్ కలిపి మీ బిల్లు ప్రకారం 71,500 రూపాయలు. ఆ మొత్తం తిరిగి ఇవ్వాలి. పాడైన మెయిన్ బేరింగుల ఖరీదు, క్రాంక్ థ్రస్ట్ ముఖాన్ని బయట సరిచేయించడానికి అయ్యే ఖర్చు, వేరే ఫ్లైవీల్ ధర కూడా మీరే భరించాలి. వీటికి తెచ్చిన కొటేషన్లు జతచేస్తున్నాను. మళ్లీ మీ షాపులోనే ఉచితంగా చేసిస్తామన్న ప్రతిపాదనకు నేను ఒప్పుకోను. అలాగే, మీ దగ్గరే ఉండిపోయిన పాత థ్రస్ట్ వాషర్లు, పాత బేరింగ్ షెల్స్ నా సొత్తు. "పాత ఇనుములో పోయాయి" అంటే, ఎవరిని అడిగి వేశారో రాసివ్వండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపమని చెన్నై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. అంతకుముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయిస్తాను. మీ బిల్లు, జాబ్ షీట్ నకలు, డయల్ గేజ్ రీడింగ్ వీడియో, వాషర్ల రెండు ముఖాల ఫోటోలు, ఫ్లైవీల్ ఫోటోలు దీనితో పంపుతున్నాను.

ఇంజన్ విప్పినది విప్పినట్టే మా అన్నానగర్ షెడ్‌లో స్టాండ్ మీద ఉంది. మీ మనిషి వచ్చి చూసుకోవచ్చు, కొలుచుకోవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. ముందురోజు ఫోన్ చేస్తే మేస్త్రీని కూడా పిలిపిస్తాను. వాషర్లను మాత్రం పరీక్షకని మీ షాపుకు పంపేది లేదు, చూడాలంటే ఇక్కడికే రావాలి.

ఇట్లు,
స్పిట్‌ఫైర్ యజమాని,
అన్నానగర్, చెన్నై.