నీట్ మాదిరి జవాబుల్లో లెక్కలను కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

నీట్ పరీక్ష దగ్గరపడే కొద్దీ తెలుగు పత్రికల విద్యా పేజీల్లో మాదిరి ప్రశ్నపత్రాలు, వాటి జవాబులు ఏటా వస్తుంటాయి. ఆ పేజీలను కత్తిరించి దాచుకునే తెలుగు కుటుంబాలు చెన్నైలో పెరంబూరు, విల్లివాక్కం వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఉద్యోగ విరమణ తరువాత ఆ కుటుంబాల పిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతున్న అధ్యాపకుడిగా ఒక విన్నపం చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మాదిరి జవాబుల్లో సూత్రం ఉంటుంది, దాని కింద విలువలను ప్రతిక్షేపించిన వరుస ఉంటుంది, ఆపైన ‘సూక్ష్మీకరించగా’ అన్న ఒక్క మాటతో తుది జవాబు వచ్చేస్తుంది. పిల్లలు తడబడుతున్నది సరిగ్గా ఆ మాట దాటేసిన చోటనే. సూత్రాలు అడిగితే గడగడా అప్పజెప్పే విద్యార్థి, హారంలో దశాంశమూ పదికి రుణఘాతమూ ఉన్న ఒక చిన్న భాగహారం ఇస్తే పేజీ అంతా కొట్టివేతలతో నింపుతాడు. ఇంటికి వెళ్లి మాత్రం తనకు ఫిజిక్స్ రావడం లేదని చెబుతాడు. తల్లిదండ్రులు మరో ఫిజిక్స్ కోచింగ్‌లో చేర్చుతారు. అతనికి లోపించినది ఎనిమిదో తరగతి లెక్క అని ఎవరూ గమనించరు.

ఈ పరిస్థితికి మూలం పదో తరగతి తరువాత గ్రూపు ఎంచుకునే తీరులో ఉందని నా అభిప్రాయం. డాక్టరు చదువు కోరుకునేవారికి తమిళనాడులో ప్లస్ వన్‌లో గణితంతో కూడిన బయాలజీ గ్రూపు ఉంది, గణితం లేని ప్యూర్ సైన్స్ గ్రూపూ ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఏళ్లుగా నడుస్తున్న బైపీసీ ఈ రెండోదాని వంటిదే. ‘ఇక లెక్కల బాధ తప్పింది’ అని సంతోషించి ఆ గ్రూపులో చేరిన పిల్లలకు, భౌతికశాస్త్రం తొలి పాఠాల్లోనే సదిశలు, అవకలనం, సమాకలనం ఎదురవుతాయి. గణితం పీరియడ్ లేనందువల్ల వాటిని ఫిజిక్స్ అధ్యాపకుడే నాలుగు మాటల్లో చెప్పి పాఠంలోకి వెళ్లిపోవలసి వస్తుంది. నీట్‌లోని 720 మార్కుల్లో 360 భౌతిక, రసాయన శాస్త్రాలవే అన్నది తెలిసి కూడా మనం లెక్కలను వదిలించుకోదగిన బరువుగానే చూస్తున్నాం. నీట్ ఉండాలా వద్దా అని ఈ రాష్ట్రంలో సాగుతున్న వాదన వేరు. రాసి తీరవలసిన పిల్లవాడికి అది ఊరట ఇవ్వదు.

పైగా పరీక్ష పద్ధతి మారింది. 2022 నుంచి 2024 వరకు 200 నిమిషాల సమయం ఉండేది, ఒక్కో శాస్త్రంలో (వృక్ష, జంతు శాస్త్రాలు వేరువేరుగా) 50 ప్రశ్నల్లో 45 రాస్తే సరిపోయేది. 2025లో ఆ వెసులుబాటు తీసివేసి 180 ప్రశ్నలకు 180 నిమిషాలు చేశారు. జీవశాస్త్రంలోని 90 ప్రశ్నలను యాభై నిమిషాల్లో ముగించగల చురుకైన విద్యార్థికి కూడా మిగిలిన 90 ప్రశ్నలకు ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం లోపే దొరుకుతుంది. ఓఎంఆర్ పత్రం మీద వృత్తాలు నింపడమూ అందులోనే. కాలిక్యులేటర్ లేదు, లాగ్ పట్టిక లేదు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కనుక, పద్ధతి తెలిసి లెక్క తప్పిన వాడికి అసలు ముట్టుకోని వాడికన్నా తక్కువ వస్తుంది.

లెక్క అంటే ఇక్కడ పెద్ద గణితం కాదు. ప్రథమ క్రమాంక చర్యలో రేటు స్థిరాంకం సెకనుకు 0.00231 అని ఇచ్చి అర్ధాయువు (పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలం) అడిగారనుకుందాం. సూత్రం ప్రకారం 0.693ను ఆ సంఖ్యతో భాగించాలి. 231కి మూడు రెట్లు 693 అని కంటికి తట్టిన అమ్మాయి 300 సెకన్లు అని వెంటనే గుర్తిస్తుంది. తట్టని అమ్మాయి దశాంశ బిందువులను జరుపుకుంటూ 30 అనో 3000 అనో తేల్చుతుంది, దురదృష్టవశాత్తు ఆప్షన్లలో ఆ రెండూ ఉంటాయి. అలాగే, ఒక ద్రావణంలో లీటరుకు 4 × 10 ఘాతం మైనస్ 5 మోల్‌ల హైడ్రోజన్ అయాన్లుంటే పీహెచ్ ఎంత అంటే 5.6 అని రాసేవారు ఎందరో ఉన్నారు. లాగ్ 2 విలువ 0.301 కనుక లాగ్ 4 విలువ 0.602, దాన్ని 5 నుంచి తీసివేయాలి, వచ్చేది 4.4. గాఢత 10 ఘాతం మైనస్ 4కూ మైనస్ 5కూ నడుమ ఉంది గనుక పీహెచ్ నాలుగుకూ అయిదుకూ మధ్యనే ఉండాలన్న ఒక్క ఆలోచన ఉంటే 5.6 వైపు చెయ్యి పోదు. నా దృష్టిలో అన్ని కిటుకుల కన్నా ఈ అంచనా అలవాటే విలువైనది, బోధనలో అన్నిటికన్నా ముందు నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే.

నిష్పత్తి సంగతీ ఇంతే. ఉపగ్రహ కక్ష్య వ్యాసార్థం నాలుగు రెట్లయితే ఆవర్తన కాలం (ఒక చుట్టుకు పట్టే కాలం) ఎన్ని రెట్లు అని అడిగితే, పిల్లలు గురుత్వ స్థిరాంకాన్నీ భూమి ద్రవ్యరాశినీ వెతుక్కుంటారు. కాలం వర్గం వ్యాసార్థం ఘనానికి అనులోమంగా ఉంటుంది కనుక నాలుగు ఘనం 64, దాని వర్గమూలం 8, అంతే. ప్రమాణాల్లో చేసే పొరపాట్లు మరీ బాధాకరం: చదరపు సెంటీమీటరును చదరపు మీటరులోకి మార్చేటప్పుడు పదివేలతో భాగించవలసింది వందతో భాగిస్తారు, అక్కడి నుంచి మిగిలినదంతా సవ్యంగా చేసి తప్పు జవాబు చేరతారు.

ఉజ్జాయింపు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. వాయు స్థిరాంకం 8.314ను 300 కెల్విన్‌తో గుణించి 2494కు బదులు 2500 తీసుకోవడం మంచి పద్ధతే, కానీ ఆప్షన్లను ముందు చూసి అవి దూరదూరంగా ఉన్నప్పుడే అలా చేయాలి. ‘షార్ట్‌కట్’ల పేరిట కోచింగ్ కేంద్రాలు ఈ జాగ్రత్త చెప్పకుండానే అలవాటు చేస్తున్నాయి.

ప్లస్ వన్‌లో చేరిన తొలి నెలల్లోనే రోజూ అరగంట ఇటువంటి లెక్కలను కాగితం మీద చేయించాలని తల్లిదండ్రులను కోరుతున్నాను. లాంగ్ టర్మ్ (ఏడాది పొడవునా సాగే నీట్ కోచింగ్) కోసం నెల్లూరుకో విజయవాడకో పంపే డబ్బుతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం. ఇక్కడి మన పిల్లలకు ఎక్కాలు తెలుగులో వచ్చినా, తమిళంలో వచ్చినా, ఇంగ్లీషులో వచ్చినా ఇబ్బంది లేదు, రావడమే కావాలి. మాదిరి పరీక్ష రాసిన ప్రతిసారీ తప్పులను విషయం తెలియనివి, సూత్రం మరిచినవి, లెక్క తప్పినవి అని విడదీసి రాసుకుంటే, కొత్త కోచింగ్ అవసరమో కాదో ఆ జాబితాయే చెబుతుంది.

ఇక మీ పత్రికకు నా విన్నపం. విద్యా పేజీలో అచ్చయ్యే ప్రతి భౌతిక, రసాయన శాస్త్ర సమస్యకు ‘సూక్ష్మీకరించగా’ అన్నచోట ఆ సూక్ష్మీకరణను వరుసవారీగా ఇవ్వండి. ఏ సంఖ్యను దేనితో కొట్టివేశారో, పదికి ఉన్న ఘాతాలను ఎలా కూడారో, ఎక్కడ ఉజ్జాయింపు తీసుకున్నారో చూపించండి. స్థలం చాలకపోతే ప్రశ్నల సంఖ్యను సగానికి తగ్గించినా పాఠకులకు నష్టం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
పెరంబూరు, చెన్నై