చూపు వెళ్లిన స్క్రీన్‌కు టైపింగూ వెళ్లాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో కంప్యూటర్ చిట్కాలు వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచుకునే పాఠకురాలిని. కంట్రోల్-సి కొడితే కాపీ, కంట్రోల్-వి కొడితే పేస్ట్, ఆల్ట్-ట్యాబ్ కొడితే ఒక విండోలోంచి ఇంకో విండోకు. ఇవన్నీ చాలాసార్లు వచ్చాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొచ్చాయి కూడా. కాకపోతే అవన్నీ ఒకే మానిటర్ ముందు కూర్చున్న మనిషి కోసం రాసినవి. ఇవాళ అనువాదకులు, అకౌంట్లు చూసేవాళ్లు, పేజీలు పెట్టేవాళ్లు, ప్రోగ్రామర్లు రెండేసి మూడేసి మానిటర్ల ముందు పనిచేస్తున్నారు. కీబోర్డు మీంచి చెయ్యి తీయకుండా ఒక స్క్రీన్‌లోంచి ఇంకో స్క్రీన్‌కు ఎలా వెళ్లాలో వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. చెబుదామన్నా ఉన్నది సగమే. మిగతా సగం విండోస్ తయారుచేసేవాళ్లు ఇంకా ఇవ్వనేలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను అనువాదాలు చేస్తాను. ఎడమ మానిటర్‌లో మూలం పీడీఎఫ్, మధ్యలో నేను రాసే వర్డ్ ఫైలు, కుడివైపు బ్రౌజర్‌లో నిఘంటువులు. కుడి మణికట్టు నొప్పి ముదిరి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలయ్యాక, మౌస్ వాడకం వీలైనంత తగ్గించమని డాక్టరు చెప్పారు. అప్పుడు కూర్చుని గమనించాను. ఒక పేరా అనువదించడంలో నా చెయ్యి మౌస్ మీదకు వెళ్లేది రాయడానికి కాదు, దిద్దడానికీ కాదు. ఈ స్క్రీన్‌లోంచి ఆ స్క్రీన్‌కు పోయి అక్కడ ఒక క్లిక్ కొట్టడానికి. ఆ క్లిక్ వల్ల జరిగే పనేమీ ఉండదు. "ఇకమీదట నేను కొట్టే అక్షరాలు ఈ విండోకు వెళ్లాలి" అని కంప్యూటర్‌కు చెప్పడానికే అది.

మానిటర్లు పెరిగే కొద్దీ మౌస్ శ్రమ ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే, చేతి కదలికల మీద పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే కట్టి చూపించిన లెక్క చూడాలి. వెళ్లాల్సిన దూరం పెరిగే కొద్దీ, అందుకోవాల్సిన గురి చిన్నదయ్యే కొద్దీ చేతికి పట్టే సమయం పెరుగుతుంది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న మానిటర్లు మూడు పక్కపక్కన పెడితే 5760 పిక్సెళ్ల మైదానం. దూరం మూడింతలైంది, నొక్కాల్సిన గుర్తు మాత్రం ఇదివరకున్నంతే ఉంది.

దీనికి తోడు మూలల బాధ. మానిటర్ ఒక్కటే ఉన్నప్పుడు, స్క్రీన్ నిండా ఉన్న విండోను మూయాలంటే మౌస్‌ను కుడి పై మూలకు తోసేస్తే చాలు. బాణం గుర్తు అంచుకు తగిలి సరిగ్గా ఇంటూ గుర్తు మీద ఆగిపోతుంది. పక్కన ఇంకో మానిటర్ పెట్టగానే ఆ అంచు మాయమవుతుంది. బాణం గుర్తు చాలాసార్లు ఆగకుండా పక్క స్క్రీన్‌లోకి జారిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చి ఆ చిన్న ఇంటూ మీద నిలబెట్టి నొక్కాలి. నొప్పిగా ఉన్న మణికట్టుకు అన్నిటికంటే కష్టమైనది ఈ నిలబెట్టడమే.

ఇక అసలు విషయం. ఒకే స్క్రీన్ మీద పనిచేసేటప్పుడు పైన కనిపిస్తున్న విండోయే మనం కొట్టే అక్షరాలు అందుకుంటుంది, అందులో సందేహం ఉండదు. మూడు స్క్రీన్ల మీద మూడు విండోలూ పూర్తిగా కనిపిస్తూనే ఉంటాయి, మూడూ పైనే ఉంటాయి. వాటిలో వింటున్నది ఏది? కళ్లు కుడివైపు నిఘంటువు మీదకు వెళ్లిపోతాయి, వేళ్లు మాట కొట్టేస్తాయి, అక్షరాలు మాత్రం మధ్యలో ఉన్న వర్డ్ ఫైలులో పడతాయి. నాతో కలిసి పనిచేసే ఒకావిడ కుడి స్క్రీన్‌లో బ్యాంకు పేజీ చూస్తూ పాస్‌వర్డ్ కొట్టారు. అది ఎడమ స్క్రీన్‌లో తెరిచి ఉన్న గ్రూపు చాట్‌లో పడింది. చివర్లో ఎంటర్ కూడా కొట్టేశారు. అందరూ ఆవిడ అజాగ్రత్త అన్నారు. నేను అలా అనుకోను. మనిషి చూస్తున్నది ఒకటి, యంత్రం వింటున్నది ఇంకొకటి అయినప్పుడు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలి. ఇప్పుడు టైటిల్ బార్ (విండో పైన పేరు ఉండే పట్టీ) రంగు కాస్త వెలిసినట్టు ఉండటం తప్ప కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తు లేదు.

దీనికి విండోస్‌లోనే చిన్న మందు ఉంది, చాలామందికి తెలియదు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో కలర్స్ తెరిచి, టైటిల్ బార్లకూ విండో అంచులకూ యాక్సెంట్ రంగు (మనం ఎంచుకునే ప్రత్యేక రంగు) వేయమనే మీట ఆన్ చేయండి. ముదురు ఎరుపో నారింజో ఎంచుకోండి. టైపింగ్ అందుకునే విండోకే ఆ రంగు వస్తుంది, మిగతావాటికి రాదు. కొన్ని ప్రోగ్రాములు తమ టైటిల్ బార్ తామే గీసుకుంటాయి కాబట్టి వాటి మీద ఇది పూర్తిగా పనిచేయదు. అయినా రంగు వేసుకున్నాక నాకు చాలా తెరిపిగా ఉంది.

ఆల్ట్-ట్యాబ్ ఉంది కదా అని అడుగుతారు. ఉంది, మంచిదే. కానీ అది స్క్రీన్ల లెక్కన నడవదు, ఈమధ్య ఏది వాడామన్న లెక్కన నడుస్తుంది. బల్ల మీద కాగితాల దొంతర లాంటిదది, ఏది ముట్టుకుంటే అది పైకి వస్తుంది. నేను వర్డ్‌లో ఉన్నాను, దానికి ముందు పీడీఎఫ్‌లో ఉన్నాను, అంతకు ముందు బ్రౌజర్‌లో. ఇప్పుడు బ్రౌజర్ కావాలంటే ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ రెండుసార్లు కొట్టాలి. మాట చూసుకుని వర్డ్‌కు తిరిగి వచ్చాక బ్రౌజర్ ఒక్క ట్యాబ్ దూరంలో ఉంటుంది, పీడీఎఫ్ రెండింటి దూరానికి పోతుంది. కుడి మానిటర్ ఎప్పుడూ కుడివైపే ఉంది, ఎడమది ఎడమవైపే ఉంది. వాటిని చేరే దెబ్బల లెక్క మాత్రం ప్రతిసారీ మారుతుంది. అందుకే వేళ్లకు అది అలవాటు కాదు, ప్రతిసారీ ఆ జాబితా కళ్లతో చూసి ఎంచుకోవాల్సిందే. దానికి తోడు బ్రౌజర్ ట్యాబులు కూడా ఆ జాబితాలో కలిసి వస్తుంటే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, మల్టీటాస్కింగ్‌కు వెళ్లి వాటిని తీసేయొచ్చు.

నాకు బాగా అక్కరకొచ్చింది విండోస్ కీతో పాటు అంకె కొట్టడం. టాస్క్‌బార్ (స్క్రీన్ అడుగున ప్రోగ్రాముల గుర్తులుండే పట్టీ) మీద పిన్ చేసిన, అంటే ఎప్పుడూ అక్కడే ఉండేలా పెట్టుకున్న, మొదటి ప్రోగ్రాముకు విండోస్-1, రెండోదానికి విండోస్-2, అలా పదో దానికి సున్నా. ప్రోగ్రాము మూసి ఉంటే తెరుచుకుంటుంది, తెరిచి ఉంటే అది ఏ మానిటర్‌లో ఉన్నా టైపింగ్ అక్కడికి వెళుతుంది. టాస్క్‌బార్ మీద ఆ గుర్తులను మానిటర్ల వరుసలోనే పెట్టుకున్నాను. ఎడమ మానిటర్‌లోని పీడీఎఫ్ మొదట, మధ్యలోని వర్డ్ రెండోది, కుడివైపు బ్రౌజర్ మూడోది. ఇప్పుడు 1, 2, 3 అంటే నా వేళ్లకు ఎడమ, మధ్య, కుడి. ఒకే ప్రోగ్రాములో రెండు మూడు విండోలు తెరిచి ఉంటే విండోస్ కీ పట్టుకుని అదే అంకె మళ్లీ మళ్లీ కొడితే ఒక్కోదానికీ వెళ్లొచ్చు. కంట్రోల్ కూడా కలిపితే ఆ ప్రోగ్రాములో చివరగా వాడిన విండోకు నేరుగా వెళుతుంది. వేళ్లకు అలవాటు కావాల్సిన మొట్టమొదటి షార్ట్‌కట్ ఇదేనని నా అభిప్రాయం. చిట్కాల పట్టికల్లో మాత్రం ఇది ఎక్కడో అడుగున ఉంటుంది.

విండోనే పక్క మానిటర్‌కు జరపాలంటే విండోస్-షిఫ్ట్ పట్టుకుని కుడి బాణమో ఎడమ బాణమో కొట్టాలి. ఇది 2009లో విండోస్ 7తో వచ్చింది. ల్యాప్‌టాప్‌కు తగిలించిన మానిటర్ తీసేశాక ఏదైనా విండో కనిపించని చోట ఇరుక్కుపోతే దాన్ని వెనక్కి లాక్కొచ్చేదీ ఇదే. ఒకటికంటే ఎక్కువ మానిటర్లకు విండోస్‌లో వీలు కల్పించింది 1998లో, విండోస్ 98తో. అంటే విండోను పక్క స్క్రీన్‌కు జరిపే మీట రావడానికి పదకొండేళ్లు పట్టింది. విండోను కదపకుండా టైపింగ్‌ను మాత్రమే పక్క స్క్రీన్‌కు పంపే మీట విండోస్ 11లో కూడా లేదు. రోజంతా కావాల్సింది ఈ రెండోదే. విండోలను పొద్దున ఒకసారి సర్దుకుంటాం, ఆ తర్వాత సాయంత్రం దాకా వాటి మధ్య తిరుగుతూనే ఉంటాం.

ఇది చేయలేనిది కాదు. విండోస్‌కు బదులు వాడే లైనక్స్‌లో, కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు "తర్వాతి స్క్రీన్‌కు మారు" అనే ఏర్పాటు షార్ట్‌కట్ల సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. మనకు నచ్చిన మీట దానికి కేటాయించుకుంటే సరిపోతుంది. అదే లైనక్స్‌లో ఐ3 లాంటి విండో మేనేజర్లలో (విండోలను స్క్రీన్ మీద సర్దిపెట్టే ప్రోగ్రాముల్లో) అయితే కుడివైపు మానిటర్ అని చెబితే టైపింగ్ అటే వెళుతుంది. మ్యాక్‌లో కమాండ్-ట్యాబ్ ప్రోగ్రాముల మధ్య తిప్పుతుంది, ఒకే ప్రోగ్రాము విండోల మధ్య తిరగాలంటే ట్యాబ్ పైన ఉండే మీట కలపాలి. ఇక్కడా స్క్రీన్ల లెక్క లేదు.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, మీ పత్రికలో పనిచేసేవాళ్లకు ఇది నాకంటే బాగా తెలిసి ఉంటుంది. వర్డ్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డుతో కొడుతూ నిఘంటువుకు వెళ్లి ఇంగ్లీషు మాట వెతకబోతే అక్కడా తెలుగు అక్షరాలే పడతాయి. విండోస్-స్పేస్ కొట్టి కీబోర్డు మార్చాలి, తిరిగి వచ్చాక మళ్లీ మార్చాలి. స్క్రీన్ మారిన ప్రతిసారీ ఇదే తంతు. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో, ఒక్కో ప్రోగ్రాము విండోకు ఒక్కో ఇన్‌పుట్ పద్ధతి వాడుకోనివ్వమనే చిన్న గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెడితే వర్డ్‌లో తెలుగు తెలుగుగానే, బ్రౌజర్‌లో ఇంగ్లీషు ఇంగ్లీషుగానే నిలిచి ఉంటాయి. టైపింగ్ నేర్పేవాళ్లు ఈ ఒక్క గడి చూపించినా ఎంతో మేలు చేసినవాళ్లవుతారు.

ఒక చేత్తోనే పనిచేసేవాళ్లకు, వేళ్లు వణికేవాళ్లకు విండోస్-షిఫ్ట్-బాణం లాంటి మూడు మీటలు ఒకేసారి నొక్కడం కుదరదు. షిఫ్ట్ కీ వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ ఆన్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. ఔననండి. ఇక మీటలన్నీ కలిపి పట్టుకోనక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే చాలు. ఆ పెట్టె పొరపాటున వచ్చిందని విసుక్కుని మూసేసేవాళ్లే ఎక్కువ. అది ఉన్నందువల్ల ఉద్యోగం నిలబెట్టుకున్నవాళ్లు ఉంటారని వాళ్లకు తెలియాలి.

కంప్యూటర్ కోర్సులు నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. పరీక్ష కోసం షార్ట్‌కట్ల పట్టిక బట్టీ పట్టించే బదులు రెండు మానిటర్లు తగిలించిన ఒక్క కంప్యూటర్ తరగతి గదిలో పెట్టండి. పిల్లల చేత ఒక గంట మౌస్ లేకుండా పని చేయించండి. ఎక్కడెక్కడ ఆగిపోతారో ఆ మీటలు అప్పుడు నేర్పండి. అవసరపడి నేర్చుకున్నది వేళ్లకు మిగులుతుంది.

మీ చిట్కాల శీర్షిక రాసేవారిని ఒక వారం ఒకటికంటే ఎక్కువ మానిటర్లతో పనిచేసేవాళ్ల కోసం కేటాయించమని కోరుతున్నాను. పాఠకులు చేయగలిగింది కూడా ఒకటుంది. విండోస్-ఎఫ్ కొడితే ఫీడ్‌బ్యాక్ హబ్ తెరుచుకుంటుంది, తయారీదారులకు మనకేం కావాలో అక్కడ నేరుగా రాయొచ్చు. టైపింగ్‌ను పక్క మానిటర్‌కు పంపే మీట కావాలని నేను రాశాను, మీరూ రాయండి. ఆ షార్ట్‌కట్ కొట్టగానే స్క్రీన్ ఫొటో కూడా అదే తీసుకుంటుంది కాబట్టి, సొంత ఫైళ్లేవైనా తెరిచి ఉంటే ముందు మూసేయండి. రెండో మానిటర్‌లో ఉన్నవి కూడా.

ఇట్లు,
ఒక అనువాదకురాలు