శ్రీనూ, లోతు ఎంతో అడుగు

కాటానియా, ఆదివారం

ఒరేయ్ శ్రీనూ,

2024 డిసెంబర్ 4 పొద్దున్న ములుగులో భూకంపం వచ్చినప్పుడు హన్మకొండ నుంచి ఫోన్ చేసి, "ఐదు దాటిందట రా, మా గోడకు బీట కూడా పడలేదు" అన్నావు, గుర్తుందా? ఆ హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. నిన్న ఫ్లేరి వెళ్లొచ్చాక నీకు రాయాలనిపించింది.

ఫ్లేరి ఇక్కడ ఇటలీలో ఎట్నా అగ్నిపర్వతం వాలు మీద చిన్న ఊరు. 2018 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు, తెల్లవారుజామున 3.19కి అక్కడ భూమి కంపించింది. తీవ్రత 4.9. మీ ములుగుది 5.3. అంకె చూస్తే ఇదే చిన్నది. కానీ ఇక్కడ ఇళ్లు కూలాయి, రోడ్లు చీలాయి, జనం చలిలో వీధుల్లోకి పరిగెత్తారు. నిన్న ఒక పాత గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నల్లటి లావా రాళ్లు పేర్చి మధ్యలో సున్నం పెట్టారు. వేలితో గీస్తే ఆ సున్నం పిండిలా రాలింది. ఆ గోడ వెనకాల మనుషులు నిద్రపోతున్నారని తలుచుకుంటే ఒళ్లు జలదరించింది రా.

తేడా అంతా లోతులో ఉంది. ములుగుది దాదాపు 40 కిలోమీటర్ల కింద పుట్టింది. సరిగ్గా దాని నెత్తిన నిలబడ్డవాడు కూడా దానికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టే. ఫ్లేరిది కిలోమీటరు లోపే.

నా పనిలో తలనొప్పి ఇక్కడే. ఎంత తీవ్రతకు ఎంత దూరంలో నేల ఎంత ఊగుతుందో చెప్పే సమీకరణాలు ఎక్కువగా పెద్ద భూకంపాల రికార్డుల నుంచి వచ్చినవి. వాటిని అలాగే తెచ్చి ఇక్కడ వాడితే తప్పుతాయి. 20 కిలోమీటర్ల లోతులో అర కిలోమీటరు పొరపాటు పడ్డా పెద్ద తేడా రాదు. ఒక కిలోమీటరు లోతులో అదే పొరపాటు పడితే కేంద్రానికి సరిగ్గా పైనున్న ఊరికి లెక్క మొత్తం మారిపోతుంది. పైగా అగ్నిపర్వతం అంటే బూడిద, పగిలిన లావా పొరలు. వాటిలో వేగంగా కొట్టుకునే తరంగాలు త్వరగా చచ్చిపోతాయి, నెమ్మదిగా ఊగేవి నేల పైపైన పాకుతూ మిగులుతాయి. అందుకే ఫ్లేరి చుట్టూ అంత విధ్వంసం జరిగినా కాస్త దూరం వెళ్తే నష్టం తగ్గిపోయింది. ఎట్నా కోసమే 2016లో విడిగా సమీకరణాలు కట్టారు. 5 కిలోమీటర్ల కంటే పైనున్న భూకంపాలకు ఒకటి, లోతైనవాటికి ఇంకొకటి. ఆ విడదీయడం చాలా మంచి పని అని నా నమ్మకం.

నేపుల్స్ దగ్గర ఇస్కియా ద్వీపంలో 2017 ఆగస్టు 21న వచ్చింది దాదాపు 4 మాత్రమే. ఇద్దరు చనిపోయారు. "నాలుగే కదా" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నా. ఆ రోజు ఇంట్లో గిన్నెలు టకటకా మోగాయా, లేక ఫ్యాన్ మెల్లగా ఊగిందా? ముందు ఏది? అత్తమ్మ వంటింట్లో ఉన్నారన్నావుగా, ఆమెని కూడా అడిగి రాయి.

నీ
రవి